9 ఏళ్ల లాబ్రడార్‌కి ఏటా అన్ని సూదులూ అక్కర్లేదు, లెప్టో మాత్రం మానకండి

మీది చెన్నై పెరంబూరు, మీ లాబ్రడార్ కుక్కకి 9 ఏళ్లు నిండాయి, డాక్టరుగారు ఏటా నైన్ ఇన్ వన్ (చాలా జబ్బులకి కలిపి వేసే సూది), రేబీస్ రెండూ వేస్తున్నారు, మీ బావగారేమో "ముసలిదానికి ఇంకా సూదులెందుకు" అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న. ఇద్దరిదీ సగం సగమే సరి.

ముందు టీకా పుస్తకం తెరిచి స్టిక్కర్లు చూడండి. నైన్ ఇన్ వన్ అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ లోపలున్న జబ్బులన్నిటికీ గడువు ఒకటే ఉండదు. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకాలు బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో తయారవుతాయి. కూనగా ఉన్నప్పుడు ఆఖరి డోసు 16 వారాల వయసులో గానీ ఆ తర్వాత గానీ పడి, ఏడాది లోపల బూస్టర్ కూడా పడి ఉంటే ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అలాంటి కుక్కకి ఈ మూడూ 3 ఏళ్లకొకసారి కంటే తరచుగా వేయాల్సిన పనిలేదు. పశువైద్యుల అంతర్జాతీయ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ చెప్పేదీ ఇదే. వయసు 9 అయినా 13 అయినా లెక్క మారదు. అది కూడా వద్దనుకుంటే టైటర్ పరీక్ష చేయించుకోవచ్చు. రక్తంలో ఈ మూడిటికీ యాంటీబాడీలు ఉన్నాయో లేదో తెలుస్తుంది, ఉంటే సూది ఆపొచ్చు. అదే ప్యాకులో ఉండే లెప్టోకి, అంటే ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బుకి, మాత్రం ఆ పరీక్ష పనికిరాదు. ఇక నైన్ ఇన్ వన్‌లో అంకె పెంచడానికి చేర్చే కరోనా టీకా. అది కుక్కల పేగు జబ్బుకి సంబంధించినది, పెద్ద కుక్కకి అసలే అక్కర్లేదు.

రేబీస్ చంపిన వైరస్‌తో చేసిన టీకా. కొన్ని బ్రాండ్లకి 3 ఏళ్ల గడువు రాసి ఉంటుంది. అయినా చెన్నైలో ఏటా వేయించమనే చెబుతాను. కుక్కని పెంచుకోవడానికి తీసుకునే కార్పొరేషన్ లైసెన్సు ఏటా తిరగరాయించుకోవాలి, దానికి చెల్లుబాటులో ఉన్న రేబీస్ సర్టిఫికెట్ జతచేయాలి. మీ కుక్క వాచ్‌మన్ చేతిని గీరినా మొదట అడిగేది ఆ కాగితమే. వీధి కుక్క మీ కుక్కని కరిస్తే మాత్రం "పోయిన నెలే వేయించాం కదా" అని ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ టీకా వేయించాలి. జులై 6న, సెప్టెంబర్ 28న చాలా పశువుల ఆసుపత్రుల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు.

అసలు నేను చెప్పదలచుకున్నది లెప్టో గురించి. ముసలి కుక్కకి సూదులు తగ్గిద్దాం అనుకున్నప్పుడు జనం మొదట కొట్టేసేది దీన్నే, ఈ ఊళ్లో కొట్టేయకూడనిదీ ఇదే. లెప్టో సూక్ష్మజీవి ఎలుక మూత్రంలో వస్తుంది, తడి మట్టిలో, నిలవ నీళ్లలో వారాల కొద్దీ బతుకుతుంది. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో చెన్నై వీధులు ఎలా మునిగాయో చూశాం. అంత వరద కూడా అక్కర్లేదు. మ్యాన్‌హోల్ పొంగి గేటు ముందు మడమ లోతు నీళ్లు నిలిస్తే చాలు. కుక్క అందులో నడుస్తుంది, ఇంటికొచ్చి పాదాలు నాక్కుంటుంది. పాదం మీద చిన్న చీలిక ఉన్నా క్రిమి దాంట్లోంచే లోపలికి పోతుంది. తర్వాత జ్వరం, తిండి మానేయడం, వాంతులు, కళ్ల తెలుపూ చిగుళ్లూ పచ్చబడటం. దెబ్బ పడేది కిడ్నీల మీద, కాలేయం మీద. 9 ఏళ్ల కుక్కకి కిడ్నీలు ముందే కొంత అరిగి ఉండొచ్చు, అప్పుడు కోలుకోవడం కష్టం. పైగా ఇది మనుషులకీ అంటుతుంది. జబ్బు పడిన కుక్క మూత్రాన్ని గ్లౌజులు లేకుండా తుడవకండి.

ఈ టీకా బలం ఒక్క ఏడాదే. అందుకని తేదీని వానల లెక్కన మార్చుకోండి. ఇక్కడ ఈశాన్య రుతుపవనం అక్టోబరు మధ్యలో మొదలవుతుంది, సెప్టెంబరులోనే సూది పడిపోవాలి. పుస్తకంలో జనవరి అని ఉన్నా సరే, అంతకంటే ముందే సెప్టెంబరులో వేయించేస్తే నష్టమేమీ లేదు. ఎప్పుడూ లెప్టో వేయించని కుక్కకైనా, 2 ఏళ్లకు పైగా ఆ సూది పడని కుక్కకైనా ఒక డోసు సరిపోదు. 2 నుంచి 4 వారాల తేడాతో రెండు పడాలి, అంటే ఆగస్టు మొదట్లోనే మొదలుపెట్టాలి. టీకాలో రెండు గానీ నాలుగు గానీ రకాల లెప్టోకే రక్షణ ఉంటుంది, కాబట్టి సూది వేయించినా మురుగు నీళ్లలోకి దించకండి, రాత్రిపూట తిండి గిన్నె బయట వదలకండి.

డాక్టరుగారిని ఇలా అడగండి: రేబీస్, లెప్టో కలిపిన సూది ఏటా, డీహెచ్‌పీపీఐ (డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో, పారాఇన్‌ఫ్లుయెంజా కలిపిన సూది) 3 ఏళ్లకొకసారి. రేబీస్, లెప్టో కలిపిన సూది దొరుకుతుంది, లెప్టో సీసా విడిగానూ దొరుకుతుంది. విడిగా అడగాలని తెలియక అందరూ మొత్తం ప్యాకే వేయించుకుంటున్నారు.

ఇంటికొచ్చి వేసే సూదుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల మధ్యాహ్నం బైక్ డిక్కీలో గంట తిరిగిన డీహెచ్‌పీపీఐ సీసాలో వైరస్ బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. బతికున్న వైరస్ టీకాలో ఆ వైరస్ చచ్చిపోతే అది కుక్కకి ఏమీ నేర్పదు, పుస్తకంలో స్టిక్కర్ మాత్రం పడుతుంది. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. ఐస్ ముక్కలకి నేరుగా ఆనించి తెచ్చిన రేబీస్ సీసా గడ్డకడితే అదీ పాడైనట్టే. జెల్ ప్యాక్‌కీ సీసాకీ మధ్య కాగితమో గుడ్డో ఉండాలి. డీహెచ్‌పీపీఐ సీసా అడుగున తెల్లటి పొడి బిళ్ళ ఉంటుంది. అది జిగటగా కరిగి గోడకి అంటుకుని ఉంటే వద్దనండి. ఆ పొడిని పక్క సీసాలోని ద్రవంతో మీ కళ్లముందే కలపాలి, కలిపిన అరగంటలోపు వేసేయాలి. రెండు సీసాల స్టిక్కర్లూ, బ్యాచ్ నంబరూ కనపడేలా పుస్తకంలో అంటించమనండి. "వ్యాక్సిన్ వేశాం" అని పెన్నుతో రాసి సంతకం పెట్టడం రికార్డు కాదు.

ముసలిదని సగం డోసు వేసేవాళ్లున్నారు. అది పూర్తిగా తప్పు. పొమరేనియన్‌కైనా లాబ్‌కైనా సీసాలో ఉన్నదంతా ఒకే డోసు, మామూలుగా 1 ఎంఎల్. తగ్గించాల్సింది ఒక్కరోజులో వేసే సూదుల సంఖ్య. 10 కిలోల లోపు కుక్కలకి ఒకేసారి ఎక్కువ టీకాలు పడితే రియాక్షన్లు ఎక్కువ. వాటికి 2, 3 వారాల ఎడం పెట్టి విడివిడిగా వేయించండి.

సూదికి ముందు జ్వరం చూడాలి. 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే ఆ రోజు వాయిదా వేయాలి. గుండె జబ్బో కీళ్ల నొప్పులో మందులతో అదుపులో ఉంటే సూదికి అడ్డు లేదు. క్యాన్సర్ మందులు గానీ, పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు గానీ నడుస్తుంటే బతికున్న వైరస్ టీకా వేయించకూడదు. ఈ వయసులో ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష కూడా చేయించండి.

వేయించాక 30 నిమిషాలు క్లినిక్‌లోనే కూర్చోండి. మొహం ఉబ్బినా, వరసగా వాంతులైనా, చిగుళ్లు పాలిపోయినా వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. ఒకటి రెండు రోజులు మందకొడిగా పడుకోవడం మామూలే. సూది పడ్డచోట గడ్డ నెల దాటాక పెరుగుతున్నా, 2 సెంటీమీటర్లు మించినా, 3 నెలలైనా తగ్గకపోయినా చూపించండి.

కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా మీరు దీపావళికి ఊరెళ్తూ బోర్డింగ్‌లో వదిలేట్టయితేనే. ముక్కులో చుక్కలుగా వేసే రకం వారం ముందు వేయిస్తే చాలు. బోర్డింగ్ వాళ్లు "అన్నీ ఈ ఏడాదివే ఉండాలి" అని పట్టుబడితే, మీ డాక్టరుగారి చేత డీహెచ్‌పీపీఐ తదుపరి తేదీ 3 ఏళ్ల తర్వాత అని పుస్తకంలోనే రాయించి చూపించండి.