ఇంజినీరింగ్ వద్దు, వీఆర్ కథలు తీస్తానంటోంది... ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కాలేజీలో ఒక ప్రదర్శనలో హెడ్‌సెట్ పెట్టుకుని, సిరియా శరణార్థుల శిబిరంలో ఉండే సిద్రా అనే పాప మీద తీసిన వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే మనమే అక్కడున్నట్టు చుట్టూ చూడగలిగే) సినిమా చూసింది. అప్పట్నుంచి ఎంసెట్ రాయను, మనుషుల్లో సహానుభూతి పెంచే ఇలాంటి కథలే తీస్తానంటోంది. దీనికి చదువుందా? ఉద్యోగాలుంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి చూసింది ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’. 2015లో ఐక్యరాజ్యసమితి కోసం గాబో అరోరా, క్రిస్ మిల్క్ తీశారు. జోర్డాన్‌లోని జాతారీ శిబిరంలో ఉండే పన్నెండేళ్ల సిద్రా తన బడి, రొట్టెలు కాల్చే చోటు, ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడే మైదానం అన్నీ మనకు చూపిస్తుంది. నిడివి తొమ్మిది నిమిషాలు కూడా ఉండదు. వీలు చేసుకుని మీరూ ఒకసారి చూడండి. కిందికి చూస్తే ఆ పాప కూర్చున్న నేల మీదే మనమూ కూర్చున్నట్టుంటుంది. అది చూసి ఇంటర్ చదివే పిల్ల కదిలిపోయిందంటే మంచి విషయమే. ‘పిచ్చి వేషాలు’ అని మాత్రం కొట్టిపారేయకండి.

అయితే హెడ్‌సెట్ పెట్టగానే మనుషులు మారిపోరు. ఈ సంగతి ఆమెకూ తెలియాలి. 2018లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ఇల్లు పోగొట్టుకున్న మనిషి అనుభవాన్ని కొందరికి వీఆర్‌లో చూపించారు, కొందరికి కథగా చదవడానికి ఇచ్చారు. వెంటనే అడిగితే రెండు రకాలవాళ్లూ ఇంచుమించు ఒకేలా చలించారు. తేడా ఆ తర్వాత చేసిన పనిలో కనిపించింది. సామాన్యుడికి అందుబాటులో ఇళ్లు కావాలనే వినతిపత్రం మీద వీఆర్ చూసినవాళ్లలో 82 శాతం సంతకం పెడితే, చదివినవాళ్లలో 67 శాతం పెట్టారు. అంటే వీఆర్‌కు బలం ఉంది, అలాగని కాగితం మీది కథ ఏమీ తీసిపోలేదు. అందుకే నా సలహా ఒకటే: ముందు ఎదుటి మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం నేర్చుకోవాలి, పరికరం తర్వాత.

పరికరాలను నమ్ముకుంటే కష్టం కూడా. 2015 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గూగుల్ కార్డ్‌బోర్డ్ అనే, ఫోన్ పెట్టి వీఆర్ చూసే అట్ట కళ్లద్దాలను 10 లక్షలకు పైగా చందాదారుల ఇళ్లకు పంపింది. ఇక రోజులన్నీ వీఆర్‌వే అనుకున్నారు. 2021కల్లా గూగుల్ వాటిని అమ్మడమే మానేసింది.

ఇక పని ఎలా ఉంటుందో చెప్తాను. 360 డిగ్రీల కెమెరా నాలుగువైపులా చూస్తుంది కాబట్టి షూటింగ్ జరిగేటప్పుడు దర్శకుడితో సహా అందరూ గోడ చాటుకో చెట్టు వెనక్కో వెళ్లిపోవాలి. కెమెరా ముందున్న మనిషి ఒంటరిగా తన కథ చెప్పాలి. అంత నమ్మకం కుదరాలంటే ముందు ఆ ఇంటికి ఎన్నోసార్లు వెళ్లి కూర్చోవాల్సిందే. మనిషి కెమెరాకు మరీ దగ్గరగా ఉంటే రెండు లెన్సుల దృశ్యాలు కలిసే గీత దగ్గర చెయ్యి తెగినట్టు కనిపిస్తుంది. షాట్లు గబగబా మారిస్తే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ప్రేక్షకుడు ఎటు చూడాలో మనం చెప్పలేం. వెనక నుంచి ఒక పిలుపో తలుపు చప్పుడో వినిపించి తల తిప్పించాలి. ఇదంతా సాధనతో వస్తుంది.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్తాను. కేవలం ఇలాంటి డాక్యుమెంటరీల మీద నెలజీతంతో బతకడం కష్టం. స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియాలు, మీడియా సంస్థలు డబ్బు పెట్టినప్పుడే అవి తయారవుతాయి. కానీ అవే నైపుణ్యాలు ఫ్యాక్టరీ కార్మికుల భద్రతా శిక్షణకు, వైద్య విద్యార్థుల శిక్షణకు, గేమ్స్‌కు పనికొస్తాయి. ఇల్లు గడవడానికి ఆ పని, మనసు పెట్టి చేయడానికి ఈ కథలు అనుకుంటే దారి ఉంది.

చదువుకు రెండు దారులు. ఒకటి డిజైన్: ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల ప్రవేశ పరీక్ష డ్యాట్ వేరే ఉంటుంది. యూసీడ్‌ను ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు, బొమ్మ గీసే ప్రశ్నలూ ఉంటాయి. రెండోది సీఎస్‌ఈలో చేరి, పక్కన గేమ్స్, వీఆర్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లయిన యూనిటీ గానీ అన్‌రియల్ గానీ నేర్చుకోవడం. త్రీడీ బొమ్మలకు బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. యూసీడ్ సాధారణంగా జనవరిలో, ఈఏపీసెట్ (మీరన్న ఎంసెట్‌కు ఇప్పటి పేరు) వేసవిలో. ఒకదానికొకటి అడ్డు రావు కాబట్టి రెండూ రాయమనండి. ర్యాంకులు చూశాక నిర్ణయించుకోవచ్చు. వేలకు వేలు తీసుకుని ‘మెటావర్స్ సర్టిఫికెట్’ ఇస్తామనే స్వల్పకాలిక కోర్సుల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.

హెడ్‌సెట్ కొనాల్సిన పనీ లేదు. పరీక్షలయ్యాక 360 కెమెరా రెండు రోజులు అద్దెకు తెచ్చివ్వండి. మీ వీధిలోనే ఒకరి మీద, బీడీలు చుట్టే అమ్మ కావచ్చు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్ కావచ్చు, ఐదు నిమిషాల సినిమా తీయమనండి. అయ్యాక మొదట ఆ మనిషికే చూపించాలి. ఆయన గానీ ఆమె గానీ ఏ ముక్క వద్దంటే ఆ ముక్క మారు మాట్లాడకుండా తీసేయాలి. ఈ షరతు ముందే పెట్టండి. ఆ తర్వాత కూడా ఆమె ఇదే మాట మీదుంటే నాకు మళ్లీ రాయండి. తను చేసిన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో ఎలా తయారుచేయాలో అప్పుడు వివరంగా చెప్తాను.