ర్యామ్ పెంచితే సర్వర్ బిగుసుకుపోవడం ఆగుతుందా?

ప్రశ్న: మా ఆఫీసు లినక్స్ సర్వర్‌లో 64 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కులు ఉన్నాయి. 'ఫ్రీ' కమాండ్ కొడితే ఒక్క జీబీ కూడా ఖాళీ కనబడదు, అంతా క్యాష్‌కే (డిస్క్ ఫైళ్ల కాపీలు దాచే చోటు) పోతోంది. భయమేసి గంటకోసారి 'సింక్' చేసి (ర్యామ్‌లోని రాతల్ని డిస్క్‌కి పంపి) క్యాష్ ఖాళీ చేసే క్రాన్ (టైమ్‌కి దానంతటదే నడిచే పని) పెట్టాం. అయినా రాత్రి బ్యాకప్ టైమ్‌లో డేటాబేస్ బిగుసుకుపోతోంది. ర్యామ్ పెంచాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండి, పెంచితే బాధ ఇంకాస్త ఎక్కువయ్యేలా ఉంది. ముందు ఆ క్రాన్ తీసేయండి. మీరు చూడాల్సింది 'ఫ్రీ' కాలమ్ కాదు, చివర్లో ఉండే 'అవైలబుల్'. ఊరికే పడి ఉన్న ర్యామ్‌లో లినక్స్ ఫైళ్లను దాచుకుంటుంది, ప్రోగ్రాములు అడిగితే చాలావరకు వదిలేస్తుంది. దాన్ని మీరు గంటగంటకీ తుడిచేస్తే అన్నీ మళ్లీ డిస్క్ నుంచే చదవాలి. అసలే బ్యాకప్‌తో సతమతమయ్యే డిస్క్, మూలిగే నక్క మీద తాటిపండు.

అసలు గొడవ రాతల్లో ఉంది. ప్రోగ్రామ్ ఫైల్‌లో రాసింది ముందు ర్యామ్‌లోనే ఆగుతుంది, ఇంకా డిస్క్‌కి చేరని ఆ మెమరీ ముక్కల్నే డర్టీ పేజీలంటారు. మామూలు సెట్టింగులో ఇవి అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటితే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) వెనకాల డిస్క్‌కి రాయడం మొదలుపెడుతుంది, 20 శాతానికి చేరితే రాసే ప్రాసెస్‌లనే కాసేపు ఆపేస్తుంది. మీ మెషీన్‌లో 20 శాతమంటే దాదాపు పది జీబీ అనుకోండి, సెకనుకు 150 ఎంబీ రాసే డిస్క్‌కి అది నిమిషం పైన పని, అదీ వరసగా రాస్తేనే, చెల్లాచెదురుగా ఉంటే చెప్పక్కర్లేదు. ఈలోగా డేటాబేస్ 'ఎఫ్‌సింక్' (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగడం) అడిగితే ఆ గుట్ట వెనకే క్యూ కట్టాలి. ర్యామ్ పెంచితే గుట్ట కూడా పెరుగుతుంది, శాతాల లెక్క కదా.

అందుకే శాతాలు వదిలేసి బైట్లలో పెట్టండి. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో 'వీఎం డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్' 268435456, అంటే 256 ఎంబీ, 'వీఎం డర్టీ బైట్స్' 1073741824, అంటే ఒక జీబీ. బైట్లు పెట్టగానే శాతాల సెట్టింగు సున్నా చూపిస్తుంది, టెన్షన్ పడకండి. రీబూట్ తర్వాత కూడా ఉండాలంటే సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో ఫైల్‌గా రాసి పెట్టండి.

ర్యామ్‌లోది డిస్క్ మీది స్వాప్‌కి ఎంత తొందరగా నెట్టాలో చెప్పే 'స్వాపీనెస్' మామూలుగా 60 ఉంటుంది, 10కి దించినా పర్లేదు గానీ ఎవరో చెప్పారని సున్నా పెట్టకండి, మెమరీ బిగిసినప్పుడు స్వాప్ ఉండి కూడా ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలకపోతే ప్రోగ్రాముల్ని ఆపేసే కెర్నెల్ భాగం) మీ డేటాబేస్‌నే చంపేయొచ్చు. ఫైల్ పేర్లు, డైరెక్టరీల క్యాష్‌ని ఎంత వదలాలో చెప్పే 'వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెజర్' జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

ఈ రాత్రి బ్యాకప్ నడుస్తుండగా మెమరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో 'డర్టీ', 'రైట్‌బ్యాక్' (ఇప్పుడు డిస్క్‌కి రాస్తున్నది) లైన్లు చూడండి. డర్టీ అంకె జీబీ లోపే ఉండి కూడా సర్వర్ ఆగుతోందంటే ఇక సెట్టింగులతో పని కాదు, బ్యాకప్‌ని వేరే డిస్క్‌కి మార్చండి.