బిగ్‌వేలో చోటు కావాలన్న వంశీకి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ, "పెద్దమ్మా, ఆ వందమంది జంప్‌కి నా గురించి ఒక్క మాట చెప్పవా, నీకు వాళ్లంతా తెలుసుగా" అన్నావు. విమానాల్లోంచి దూకి, పారాచూట్ తెరిచేలోపు గాల్లోనే వందమందీ ఒకరినొకరు పట్టుకుని ఒక బొమ్మ, అదే ఫార్మేషన్, కట్టే బిగ్‌వే స్కైడైవింగ్‌లో చోటు కోసమన్నమాట. మీ అమ్మ పక్కనే ఉంది కాబట్టి నోరు మెదపలేదు. ఆ మాట దాని చెవిన పడితే ఆ పూటకి అన్నం సయించదు. ఫోన్ చేసి చెప్దామంటే సగం విని "సరే పెద్దమ్మా, సరే" అంటావు. అందుకని కూర్చుని రాస్తున్నా.

నేను చెప్తే అయిపోయే పనీ కాదది, చెప్పకపోతే ఆగిపోయేదీ కాదు. ఆ జంప్‌లకి మనుషుల్ని ఎంచుకునే కెప్టెన్లు నాకు ఫోన్ చేసి అడిగేవి మూడే మూడు. కుర్రాడు ఎప్పుడైనా ఫార్మేషన్ కిందికి పోయాడా? పోతే అక్కడ ఏం చేశాడు? నేల మీదికొచ్చాక ఏమన్నాడు? అంతే. నీకు 212 జంప్‌లున్నాయని నీ ఫారంలోనే ఉంటుంది, దానికి నేనెందుకు?

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో, తెనాలి పక్కన, తిరునాళ్లకి జడ కోలాటం వేసేవాళ్లు. పైనుంచి తాళ్లు వేలాడుతుంటాయి, తలా ఒక తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు, ఒకరి ముందు ఒకరు తిరుగుతుంటే పైన జడ అల్లుకుపోతుంది. మళ్లీ ఎదురు తిరిగితే విడిపోతుంది. ఒక్క మనిషి అడుగు తప్పితే చిక్కుపడేది అందరి జడా. మా ఊళ్లో అందంగా ఆడే అమ్మాయిలు చాలామంది ఉండేవాళ్లు. గురువుగారు మాత్రం ముందు పిలిచేది ఓ బండగా, నిదానంగా అడుగేసే సుబ్బాయమ్మనే. సుబ్బాయమ్మ వైపు ఆయన చూసే పని ఉండేది కాదు. బిగ్‌వే కెప్టెన్‌కి కావలసింది అచ్చంగా అలాంటి మనిషి. పేరు రాసుకున్నాక ఇక మర్చిపోగలగాలి.

ఎందుకో లెక్క వేసి చెప్తా విను. ఆ రోజు మనం కబుర్లు చెప్పుకుంటూ నడిచిన బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. బోర్లా పడుకుని పడేటప్పుడు నీ వేగం గంటకి 190 కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఆ బ్యారేజీ పొడవంతా 23 సెకన్లలో కిందికి పడిపోతావు. 13,500 అడుగుల దగ్గర దూకితే చేతిలో ఉండేది సుమారు నిమిషం. అందులో చివరి భాగం విడిపోవడానికే పోతుంది. మిగిలిన కాసేపట్లో ఐదారు విమానాల్లోంచి దూకిన వందమందీ ముందే గీసిచ్చిన బొమ్మలో ఎవరి స్లాట్లో, అంటే ఎవరికిచ్చిన చోట్లో వాళ్లు, పట్టుకోవలసిన చోటే పట్టుకుని ఉండాలి. 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లో ఉడాన్ థాని మీద 400 మంది కలిసిన ఫార్మేషన్ నిలిచింది 4.25 సెకన్లు. ఏళ్ల తరబడి కష్టపడ్డ 400 మంది పని ఆ నాలుగు సెకన్లలో ఉంది. అక్కడ 399 మంది సరిగ్గా ఉండి ఒక్కడు బయట తేలుతుంటే ఆ రికార్డు లేదు. ఆ ఒక్కడు నువ్వు కావని కెప్టెన్‌కి నమ్మకం కలగాలి.

ఇక నీ సంగతి. కిందటేడు పదహారు మంది జంప్‌లో కిందికి పోయావని నువ్వే చెప్పావు. చెప్తూ "బేస్ మరీ స్లోగా పడింది పెద్దమ్మా" అన్నావు చూడు, అక్కడే నాకు కాఫీ చేదెక్కింది. బేస్ అంటే మధ్యలో ముందుగా పట్టుకునే గుంపు, అది ఎంత వేగంతో పడితే ఆ రోజుకి అదే వేగం. నువ్వు 82 కిలోలు, పైగా నీ సూటు ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, ఫొటోల్లో బాగుంటుందని కుట్టించుకున్నావు. బండరాయిలా పడవా మరి? వదులు సూటు ఒకటి కుట్టించు. నాది నీకు ఎదురు కష్టం. 47 కిలోల మనిషిని, దూదిపింజలా పైనే తేలేదాన్ని. బిగుతు సూటేసుకుని, నడుముకి ఐదు కిలోల సీసం కట్టుకుని దూకేదాన్ని. ఎండలో ఆ సీసం మోసుకుని విమానం దాకా నడవడం, అబ్బ, ఆ ఒక్కటీ నాకిప్పటికీ గుర్తొస్తే నడుం నొప్పి పుడుతుంది. నీ ఒళ్లు ఎంత నిదానంగా పడగలదో, ఎంత వేగంగా పడగలదో రెండు కొసలూ నీకు తెలియాలి. అది నేర్చుకోడానికి కింది నుంచి గాలి కొట్టి మనిషిని తేలించే విండ్ టన్నెల్ మంచిది. హైదరాబాద్‌లో ఉందిగా ఇప్పుడు, బస్సెక్కితే ఐదారు గంటలు. సెలవుల్లో మీ నాన్న ఇచ్చే డబ్బులు బెంజ్ సర్కిల్ దగ్గర బిర్యానీలకి తగలెయ్యకుండా అక్కడ ఖర్చు పెట్టు. కాకపోతే ఒకటి. టన్నెల్ ఒంటిని కదలకుండా ఉంచడం నేర్పుతుంది కానీ దూరం నుంచి గుంపు దగ్గరికి రావడం నేర్పదు. చోటు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఆ రావడంలోనే.

నువ్వు వెనక విమానంలోంచి ఆఖర్న దూకావనుకో. బేస్ ఎక్కడో దూరంగా, కింద, రూపాయి బిళ్లంత కనిపిస్తుంది. అందరూ ముందే చేరిపోయినట్టు, నువ్వొక్కడివే మిగిలిపోయినట్టు అనిపిస్తుంది. ఆ కంగారులో తల కిందికి పెట్టి దూసుకొస్తారు. తీరా దగ్గరికొచ్చాక ఆగలేక సర్రున కిందికి జారిపోతారు, లేకపోతే వచ్చి గుద్దుతారు. దూరంలో ఉన్నప్పుడు వేగంగా రా, తప్పులేదు. రాకపోతే అందుకోలేవు కూడా. కానీ గుంపు మొహాలు కనపడుతున్నాయంటే బ్రేకులు వేసేసి ఉండాలి. స్టేడియంలో పై మెట్ల మీద కూర్చున్నవాడికి గ్రౌండ్ ఎలా కనపడుతుందో, ఫార్మేషన్ నీకు అలా కనపడాలి, కాస్త పైనుంచి, కాస్త దూరం నుంచి. నీ గీత మీదే రావాలి. పక్కవాడి గీతలోకి పోకూడదు, ఎవరి వీపు మీదుగానూ వెళ్లకూడదు. మనిషి వీపు పైన గాలి ఉండదు. అక్కడికి పోతే దభీమని వాడి మీదే పడతావు. చివరి పాతిక ముప్ఫై అడుగులు మాత్రం పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినట్టు రావాలి. చెయ్యి చాచి అందుకోబోకు. చెయ్యి చాచావంటే ఒళ్లు వెనక్కి జారుతుంది. ఒళ్లు అక్కడికి చేరాక చేతికి ఎదురుగానే గ్రిప్ ఉంటుంది. పట్టుకున్నాక లాగకు, వేలాడకు. చూపు మధ్యలో ఉన్న బేస్ మీద ఉండాలి.

అంతా చేసి కూడా కిందికి పోయావనుకో. పోతారు, నేనూ పోయాను. అప్పుడు నీ వైపున, బయటే ఉండు. చేతులూ కాళ్లూ చాచి, ఛాతీ లోపలికి తీసుకుని, ఒళ్లంతా జల్లెడలా పరిచి నిదానించు. పైకి రాగలిగితే మంచిదే. రాలేకపోయినా సరే, గుంపు అడుక్కి మాత్రం ఛస్తే పోకూడదు. పైన వందమంది ఉంటారు, ఎవడు ఎప్పుడు ఊడి పడతాడో తెలీదు. నీ పారాచూట్ పొరపాటున తెరుచుకుందా, ఇక చెప్పక్కర్లేదు. కెప్టెన్ రెండో ప్రశ్న దీని గురించే.

నా తప్పొకటి చెప్తా. ఇది మీ అమ్మకి కూడా తెలీదు. అమెరికా వెళ్లిన కొత్తలో అరవై మంది క్యాంపులో నాకు బయటి వరుసలో చోటిచ్చారు. మూడో జంప్‌లో నేనెళ్లేసరికి నేను పట్టుకోవలసిన మనిషి ఇంకా రాలేదు. పక్క స్లాట్ ఖాళీగా ఉంది. ఊరికే తేలుతూ నిలబడితే చూసేవాళ్లకి చేతకానిదానిలా ఉంటుందని, సాయం చేస్తున్నాననుకుని అందులో దూరి పట్టేసుకున్నా. నా వెనక వచ్చినావిడకి ఆ చోటు లేదు, ఆవిడ తర్వాతి ఇద్దరికీ లేదు. బంతి భోజనాల్లో ఒకడు పక్క విస్తరి ముందు కూర్చుంటే వరుసంతా కదిలినట్టు అయింది. కెప్టెన్ కేకలెయ్యలేదు. సాయంత్రం వీడియో చూసేటప్పుడు కూడా నా పేరెత్తలేదు. పొద్దున బోర్డు మీద చూస్తే నా పేరు ఆల్టర్నేట్ల వరుసలో ఉంది, అంటే ఎవరైనా తప్పుకుంటేనే దూకేవాళ్లలో.

ఏడుపొచ్చింది. బ్యాగు సర్దుకుని వెళ్లిపోదామనుకున్నా. పోకుండా ఏం చేశానంటే, రెండు రోజులపాటు ప్రతి డర్ట్ డైవ్‌కీ, అంటే దూకే ముందు నేల మీద నడిచి చేసే రిహార్సల్‌కీ, వాళ్ల పక్కనే నిలబడి నడిచా. విమానం తలుపు ఎక్కడుందో ముగ్గుతో గీసిన చోటు నుంచి స్లాట్ దాకా, ఏ వరుసకి ఆ వరుస నోటికి పట్టేశా. సీసం కట్టుకుని, గేర్ తగిలించుకుని నీడలో కూర్చున్నా. మూడో రోజు మధ్యాహ్నం ఒకాయన దిగేటప్పుడు చీలమండ బెణికింది. విమానం ప్రొపెల్లర్ తిరుగుతోంది. కెప్టెన్ చుట్టూ చూసి నావైపు వేలు పెట్టి "నువ్వు" అన్నాడు. ఆయన స్లాట్ ఏదని నేను అడగలేదు, అప్పటికే నాకు తెలుసు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కెప్టెన్ నన్ను పిలుస్తూనే ఉన్నాడు. నువ్వు మొన్న చెప్పమన్నది ఆయనకే.

అందుకని నీ చోటు ఖాళీగా లేకపోతే, లేదా ముందువాడు రాకపోతే, నీ స్లాట్ బయట ఆగి ఉండు. జంప్ అయిపోయేదాకా అక్కడే ఆగవలసి వచ్చినా సరే. వీడియోలో అది నీకు మచ్చ కాదు.

విడిపోయేటప్పుడు బయటి వరుస ముందు, లోపలివాళ్లు ఆ తర్వాత, బేస్ ఆఖరున. నీ వరుసకి ఇచ్చిన ఎత్తు రాగానే, ఫార్మేషన్ పూర్తి కావడానికి ఒక్క చెయ్యే తక్కువున్నా సరే, తిరిగి ట్రాక్ చేసి, అంటే గాల్లో అడ్డంగా దూసుకుంటూ గుంపుకి దూరంగా, పోవలసిందే. నీ గుంపు నాయకుడిని దాటిపోకు, పక్కవాళ్ల మట్టంలోనే ఉండు. ట్రాకింగ్ బాగా రానివాడిని వందమందిలోకి ఎవరూ తీసుకోరు, అది విడిగా సాధన చెయ్యి. పారాచూట్ తెరుచుకున్నాక నీలాంటి కుర్రాళ్లు విలాసాలు చూపిస్తారు, గిరగిరా తిప్పి నేల మీద రాసుకుంటూ దిగడం. వంద పారాచూట్లు ఒక్కసారి ఆకాశంలో ఉంటే అదెంత ప్రమాదమో నువ్వే ఆలోచించు. పైన అద్భుతంగా ఎగిరి కింద ఒక్క వంకర మలుపు తిప్పినందుకు ఇంటికి పంపిన కుర్రాడిని నేను చూశాను.

212 జంప్‌లతో వందమందిలోకి అప్లై చెయ్యకు. కాదనిపించుకున్న పేరు మళ్లీ చూసేటప్పుడు గుర్తుంటుంది. ముందు నలుగురితో ఫోర్‌వే బాగా చెయ్యి, తర్వాత ఎనిమిది, పదహారు, ఇరవై. ఆ మీదట కాలిఫోర్నియాలో పెర్రిస్ లాంటి చోట బిగ్‌వే క్యాంపులు పెడతారు, అక్కడికి వెళ్లు. నేర్చుకోడానికి వెళ్లినట్టే ఉంటుంది, చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. ఫలానా స్లాట్ కావాలని అడక్కు. బేస్‌లో ఉంటే గొప్ప, బయట ఉంటే తక్కువ అనుకునేవాడిని వాసన పట్టేస్తారు. ఉదయం ఏడింటికి రమ్మంటే ఏడుకి ముందే గేర్‌తో ఉండు. మన పెళ్లి ముహూర్తాల లెక్క అక్కడ నడవదు.

మీ అమ్మ సంగతి నాకొదిలెయ్. రేచల్ థామస్‌కి 2005లో, శీతల్ మహాజన్‌కి 2011లో ఈ దూకుడుకే పద్మశ్రీలిచ్చారని చెప్తే, "ఇద్దరూ ఆడవాళ్లా?" అని కాసేపు నోరెళ్లబెడుతుంది. ఆ సందులో మిగతాది చెప్పేస్తా. పెళ్లయ్యాక ఇవన్నీ మానేస్తాడులే అని కూడా ఒక అబద్ధం ఆడతాననుకో.

శనివారం గుంటూరు వచ్చేటప్పుడు నీ లాగ్‌బుక్ పట్టుకురా. ఆ పదహారు మంది జంప్ రోజు పేజీ తీసి చూస్తాను. అందులో "బేస్ స్లో" అని రాసుంటే గోంగూర పచ్చడితో భోజనం పెట్టి పంపిస్తా, అంతే. "నేను వేగంగా పడ్డాను" అని రాసుంటే, నీ ముందే ఆ కెప్టెన్‌కి ఫోన్ చేస్తా. ఇది చదివాక పేజీ దిద్దకు. నీ రాత నాకు తెలుసు, కొత్త సిరా కూడా తెలుస్తుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ