పిక్క మీద మూడు కిక్కులకే కాలు మొద్దుబారింది.. మళ్లీ ఫైట్‌కు దిగొచ్చా?

ప్రశ్న: నా వయసు 24. ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) నేర్చుకుంటున్నాను. నాలుగు రోజుల క్రితం స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైట్‌లో) ముందుకు పెట్టి నిలబడే కాలి పిక్క మీద, మోకాలికి కాస్త కింద మూడు కిక్కులు తగిలాయి. పెద్దగా నొప్పి లేదు గానీ మూడోదానికి కాలు మొద్దుబారి కూలబడ్డాను. తన్నినతను నాకంటే బరువు తక్కువే. ఇప్పటికీ నడుస్తుంటే ఆ కాలి చెప్పు జారిపోతోంది. మూడు వారాల్లో ఫైట్ ఉంది, దిగొచ్చా?

జవాబు: వద్దు. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఆ చెప్పు జారడమే. మోకాలికి బయటివైపు, కొంచెం కిందగా వేలితో తడిమి చూడండి, ఒక ఎముక బొడిపె తగులుతుంది. దాని కిందుగా చుట్టు తిరిగి పెరోనియల్ నరం ముందుకు వస్తుంది, అక్కడ దానికి కండరాల అండ పెద్దగా ఉండదు. పాదాన్ని పైకి లేపే కండరాలు పనిచేసేది ఈ నరం వల్లే కాబట్టి, దానికి దెబ్బ తగిలితే కండరం బాగానే ఉన్నా పాదం లేవదు. దీన్నే ఫుట్ డ్రాప్ అంటాం.

బరువు తక్కువవాడు ఎలా పడగొట్టాడంటే, టైమింగ్. మీరు పంచ్ వేయడానికి ముందుకు అడుగేసిన క్షణంలో ఒంటి బరువంతా ఆ కాలి మీదే ఉంటుంది, దాన్ని ఎత్తి చెక్ చేసే (కిక్‌ను మోకాలి కింది గట్టి ఎముకతో అడ్డుకునే) వీలుండదు, పక్కకు లాక్కునే వీలు కూడా ఉండదు, దాంతో దెబ్బ మొత్తం అక్కడే దిగుతుంది. 2021 జనవరిలో అబుదాబిలో ఎంఎంఏ ఫైటర్లు డస్టిన్ పోయిరియర్, కానర్ మెక్‌గ్రెగర్ మధ్య జరిగిన ఫైట్ చూడండి. రెండో రౌండ్‌లో పంచ్‌లతోనే ముగిసింది గానీ, అప్పటికే పిక్క మీద పడ్డ కిక్కులు మెక్‌గ్రెగర్ ముందు కాలిని దెబ్బతీశాయి, ఆ తర్వాత ఆయన ఊతకర్రలతో కనిపించారు. టైమింగ్ తప్పితే మాత్రం తన్నినవాడికే నష్టం. 2013 డిసెంబరులో క్రిస్ వైడ్‌మన్ చెక్ చేసిన కిక్‌కు ఆండర్సన్ సిల్వా కాలే విరిగింది.

ఇక మీ సంగతి. గోడ పట్టుకుని మడమల మీద పది అడుగులు నడవండి. దెబ్బ తగిలిన వైపు పాదం ముందుభాగం కిందికి వాలిపోతున్నా, బొటనవేలు రెండో కాలి బొటనవేలిలా పైకి లేవకపోయినా, ఆర్థో డాక్టర్నో న్యూరాలజిస్టునో ఒకటి రెండు రోజుల్లోనే కలవండి. ఆ బొడిపె దగ్గర ఎముక చిట్లిందేమో ఎక్స్‌రేలో చూడాలి. నరాల పరీక్ష మరీ తొందరగా చేయిస్తే దెబ్బ ఎంతో సరిగ్గా తేలదు, సాధారణంగా మూడు వారాలు ఆగి చేస్తారు. నరం కేవలం నలిగి ఉంటే చాలామందికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తిరిగి బలం వస్తుంది. ఈలోగా తట్టుకుని పడిపోకుండా పాదానికి స్ప్లింట్ ఇస్తారు. గట్టిగా మసాజ్ చేయించడం, వేడి కాపడాలు వద్దు (జిమ్‌లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు!).

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. మీకు నాలుగు రోజులు గడిచాయి కాబట్టి ఇప్పుడు ఆ భయం తక్కువే గానీ, ఎప్పుడైనా దెబ్బ తగిలాక పిక్క రాయిలా బిగుసుకుపోయి, నొప్పి గంటగంటకూ పెరుగుతూ, కాలివేళ్లను ఎవరైనా కదిపినా భరించలేకపోతే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం వల్ల అలా అవుతుంది, గంటల్లో ఆపరేషన్ చేయకపోతే కండరం చచ్చిపోతుంది.

కోచ్‌కు ఈరోజే చెప్పండి. దాచిపెట్టి దిగితే మీరు పాదం ఈడ్చడం మొదటి నిమిషంలోనే ఎదుటివాడి కంట్లో పడుతుంది, నాలుగో కిక్ కూడా అక్కడికే వస్తుంది.