గుల్లబారడం వేరు, అరగడం వేరు

సందేహం: ఎముకల జబ్బుల మీద జరిగే పరిశోధనల్లో చేరేవారికి ఇచ్చే సమ్మతి పత్రాలను తెలుగు చేస్తుంటాను. ఈమధ్య సరిచూడమని వచ్చిన ఒక పత్రంలో ‘వెన్నుపాము జారింది’, ‘ఎముకలు అరిగిపోయే వ్యాధి’, ‘జంట అంధ పరీక్ష’, ‘దొంగ మందు’ అని ఉన్నాయి. ఆస్టియోపోరోసిస్ వస్తే మా వైపు ఆడవాళ్లు ‘ఎముకలు గుల్లబారాయి’ అంటారు. పాఠ్యపుస్తకమేమో ‘బోలు ఎముకల వ్యాధి’ అంటుంది. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: పత్రంలోని నాలుగూ తీసెయ్యండి. మీ వైపు ఆడవాళ్ల మాట ఉంచండి.

జంతికలు గుల్లగా వచ్చాయంటే లోపల డొల్ల అని కాదు కదా. సన్నసన్న ఖాళీలతో తేలిగ్గా, నొక్కితే పొడయ్యేలా ఉన్నాయని. దున్నితే నేల గుల్లబారిందనడమూ ఇలాంటిదే. వెన్నుపూస లోపలి ఎముక తేనెపట్టులాంటి అల్లిక. వయసుతో, ఆడవాళ్లలో ముఖ్యంగా ముట్లుడిగాక, ఆ అల్లికలో పోగులు సన్నబడతాయి, కొన్ని తెగుతాయి, ఖాళీలు పెద్దవవుతాయి. జంతికకు మెప్పయిన గుణమే ఎముకకు చేటు. బోలు అలా కాదు. వెదురు బోలు, అంటే మధ్యలో ఏమీ లేని గొట్టం. ‘బోలు ఎముకల వ్యాధి’ పరీక్ష రాసే పిల్లలకు చాలు, జబ్బును మాత్రం చూపించదు.

అరగాలంటే రాపిడి ఉండాలి. సాన మీద గంధపు చెక్క అరుగుతుంది, నడవగా నడవగా చెప్పు మడమ అరుగుతుంది. మోకాలి కీలులో అరిగేది ఎముక చివరలను కప్పి ఉండే మృదులాస్థి. అది వేరే జబ్బు, దాని వైద్యమూ వేరు. గుల్లబారిన ఎముక నొప్పి లేకుండా ఏళ్లు గడిపేసి, విరిగిన రోజున బయటపడుతుంది. వెన్నుపూస దగ్గర ‘విరిగింది’ కూడా పూర్తిగా అతకదు. చాలాసార్లు పూస ముందుభాగం అణిగిపోతుంది, వెనకభాగం అలాగే నిలబడుతుంది, అందుకే గూని వస్తుంది. ‘పూస కుంగింది’ అనండి. కాలవగట్టు కుంగడం ఎరిగినవాళ్లకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. దాన్ని ‘కుంగుబాటు’ అని మాత్రం చెయ్యకండి. పత్రికలు ఆ మాటను మనసు జబ్బుకు ఇచ్చేశాయి.

ఇక ‘వెన్నుపాము జారింది’. ఇందులో రెండు తప్పులున్నాయి. వెన్ను, ఎముక కలిస్తే వెన్నెముక (‘వెన్నుముక’ అని రాసేవాళ్లకు సంధి తెలియదనుకోవాలి). అది మొత్తం వరస. అందులో ఒక్కొక్కటి వెన్నుపూస. పూసల వెనక గొట్టంలో మెదడు నుంచి దిగే నరాల తాడు వెన్నుపాము. పెద్దవాళ్లలో అది నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. డిస్క్ (రెండు పూసల మధ్య ఉండే మెత్తలాంటి బిళ్ల) ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది నాలుగు, అయిదు పూసల మధ్యా, అయిదో పూసకూ దాని కింది ఎముకకూ మధ్యా. అక్కడ వెన్నుపాము ఉండదు, దాన్నుంచి చీలి వచ్చిన నరాలుంటాయి. కాబట్టి ‘వెన్నుపాము ఆపరేషన్’ అని రాస్తే తప్పుకు తప్పు, పైగా కాళ్లు పడిపోతాయేమోనని రోగికి హడలు.

జారడం సంగతి చూద్దాం. డిస్క్ నిజంగా జారదు. బూరె చిట్లి పూర్ణం నూనెలోకి వచ్చినట్టు, పైపొర చీలిన చోట లోపలి మెత్తని పదార్థం ఉబికి నరాన్ని నొక్కుతుంది. ‘డిస్క్ చిట్లింది’, ‘డిస్క్ ఉబ్బింది’ రెండూ బాగుంటాయి, ఏది జరిగిందో డాక్టర్నడిగి రాయండి. పూస జారడం వేరే జబ్బు. ఒక పూస కిందిదాని మీద నుంచి ముందుకు జరుగుతుంది. అక్కడ సర్జరీ అంటే తరచు స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసలనూ కలిపెయ్యడం. డిస్క్‌కైతే నరాన్ని నొక్కుతున్న ముక్క తీస్తే సరిపోతుంది. ఒక్క మాట తారుమారైతే రోగి సంతకం పెట్టేది వేరే ఆపరేషన్‌కు.

‘జంట అంధ’ (డబుల్ బ్లైండ్) అని చదివి ఎముకల రోగి కళ్లకేమవుతుందని అడిగితే తప్పు అతనిది కాదు. సమాసం మానేసి వాక్యం రాయండి: ‘ఎవరికి ఏది ఇచ్చారో మీకూ తెలియదు, మిమ్మల్ని చూసే డాక్టరుకూ తెలియదు.’ ఎవరికి ఏది ఇవ్వాలో ‘యాదృచ్ఛికంగా’ తేలుస్తారనే బదులు ‘చీటీ తీసినట్టు’ చాలు.

పోల్చి చూడడానికి కొందరికిచ్చే ప్లాసిబోను ‘దొంగ మందు’ అంటే మోసం ధ్వనిస్తుంది. ‘మందు లేని మాత్ర’ అనండి. ఆపరేషన్లలోనూ ఇలాంటిది ఉంది. కుంగిన పూసలోకి సిమెంటు ఎక్కించే చికిత్సను 2009లో అచ్చయిన రెండు అధ్యయనాలు పరీక్షించాయి. కొందరికి నిజంగా ఎక్కించారు. మిగతావారికి మత్తు సూది ఇచ్చి, గదిలో సిమెంటు వాసన వచ్చేలా చేసి, ఎక్కించకుండా వదిలేశారు. నొప్పి తగ్గడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనికి ‘ఉత్తుత్తి ఆపరేషన్’ నోటికి బాగుంటుంది గానీ పత్రంలో ‘సిమెంటు ఎక్కించని చికిత్స’ అనే ఉండాలి.

అంకెల దగ్గరా జాగ్రత్త. ఎముకలు గుల్లబారాయని చెప్పడానికి సాంద్రత స్కోరు ‘మైనస్ 2.5 కంటే తక్కువ’ అని రాస్తే, మైనస్ 3 వచ్చినావిడ 3 ఎక్కువే కదా అని ఊరుకుంటుంది. ‘సున్నా నుంచి కిందికి 2.5 దాకా గానీ, ఇంకా కిందికి గానీ దిగితే’ అనండి.

కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు, 2019 ప్రకారం ఈ సమాచారం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించేటప్పుడు నిష్పాక్షికమైన సాక్షి ఉండి సంతకం చెయ్యాలి. కాబట్టి మీ తెలుగు కంటికి కాదు, చెవికి అందాలి. మీ పత్రంలో వారానికి ఒకసారి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ (ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే మాత్ర) ఉంటే, ‘ఖాళీ కడుపుతో తీసుకుని 30 నిమిషాలు నిటారు స్థితిలో ఉండవలెను’ అని రాసి ఉంటారు. అది కొట్టేసి ఇలా రాయండి: ‘పొద్దున్నే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగండి. పాలతోనూ, కాఫీతోనూ వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. అరగంట దాకా ఏమీ తినకండి, నడుం వాల్చకండి. పడుకుంటే మాత్ర గొంతు కింద అంటుకుని పుండు పడొచ్చు.’