యాసంగి కోతలకు ముందే గడ్డి బేలర్‌ను సరిచూసుకోవడం ఎలా?

సందేహం: ట్రాక్టరుకు తగిలించి నడిపే, పలక కట్టలు కట్టే బేలర్ నా దగ్గర ఉంది. వానాకాలం వరి కోతల తర్వాత కిరాయికి తిప్పినప్పుడు ఎడమ వైపు ముడి పడక కట్టలు విడిపోయాయి. భారం ఎక్కువైతే తెగిపోయేలా పెట్టిన షియర్ బోల్టు కూడా పదే పదే తెగింది. అప్పటి నుంచి యంత్రాన్ని వాడలేదు. యాసంగి కోతలకు ముందు ఏమేమి చూసుకోవాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం, నల్లగొండ జిల్లా

సమాధానం: ముడి పడకపోవడానికీ, బోల్టు తెగడానికీ కారణాలు వేరు కనుక రెండింటినీ విడివిడిగా వెతకాలి. కోతలు మొదలయ్యాక విడిభాగాల కోసం తిరిగే వ్యవధి ఉండదు కాబట్టి ఈ పని రెండు మూడు వారాల ముందే పెట్టుకోండి. యంత్రంలో చేయి పెట్టే ముందు ట్రాక్టరు ఇంజను ఆపి, తాళం చెవి మీ జేబులో వేసుకుని, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచే వరకు ఆగండి. పీటీఓ (ట్రాక్టరు నుంచి యంత్రానికి శక్తినిచ్చే తిరిగే కడ్డీ) ఆపిన తర్వాత కూడా ఆ బరువైన చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. దయచేసి ఈ ఒక్క విషయంలో ఎంత తొందర ఉన్నా రాజీ పడకండి.

కుడి వైపు ముడి సరిగా పడుతోంది కనుక దాన్నే కొలతగా పెట్టుకోండి. మొదట రెండు వైపుల సుతిలి ఉండలను మార్చి చూడండి. లోపం కూడా ఉండతో పాటు కుడి వైపుకు మారితే తప్పు సుతిలిదే. మారకపోతే, విడిపోయిన కట్టలోని సుతిలి కొసలను పరీక్షగా చూడండి. కొసలు చీలి, పీచులు లేచి ఉంటే సుతిలిని పట్టుకునే బిళ్ల మరీ బిగుతుగా ఉందని, లేదా కత్తి మొద్దుబారిందని అర్థం. కొస నలగకుండా జారి వచ్చేసి ఉంటే ఆ పట్టు వదులైంది. ఒక పోగుకే ముడి పడి రెండోది ఖాళీగా ఉంటే సూది సుతిలిని సరైన చోటికి అందించడం లేదు కాబట్టి సూది వంగిందేమో చూడాలి. ముడి పడినా, ముడి వేసే కొక్కెం మీదే చిక్కుకుని తెగుతుంటే కొక్కేనికి తుప్పు పట్టి ఉండవచ్చు, లేదా ముడిని తోసే చేయి దానికి ఆనుకోకుండా దూరం జరిగి ఉండవచ్చు. నెలల తరబడి నిలిపిన యంత్రంలో ఈ తుప్పు సాధారణం. సన్నని ఎమరీ కాగితంతో కొక్కేన్ని నున్నగా రుద్ది, ఆ తర్వాతే బిగువు సరిచేసే స్ప్రింగులను ముట్టుకోండి. స్ప్రింగు నట్టును ఒకసారికి కొద్దిగా మాత్రమే తిప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పుతూ ముడి పడే తీరును గమనించండి. ఆ సమయంలో సూదుల దగ్గర ఎవరూ ఉండకూడదు.

ఇక షియర్ బోల్టు తెగడం యంత్రాన్ని కాపాడేందుకే. బోల్టు తెగుతోందని గట్టి రకం వేస్తే తర్వాత విరిగేది గేర్‌బాక్సు, ప్లంజర్ (గడ్డిని కట్టగా నొక్కే భాగం) లేదా సూదులు. కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పిన సైజు, గ్రేడు బోల్టునే వాడండి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కావడం వల్ల ప్లంజర్ కత్తి త్వరగా అరుగుతుంది. మొద్దుబారిన కత్తి గడ్డిని కోయలేక నలిపి ఇరుక్కుంటుంది, ఆ భారం బోల్టు మీద పడుతుంది. కత్తికి పదును పెట్టించి, స్థిర కత్తికీ దానికీ మధ్య ఖాళీని పుస్తకంలోని కొలతకు సరిచేయండి. బోల్టు రంధ్రం అరిగి సాగిందేమో, సూదులు ప్లంజర్‌కు తగలకుండా దాని గాడిలోంచే వెళ్తున్నాయో లేదో కూడా చూడాలి. భారం మించినప్పుడు జారి యంత్రాన్ని కాపాడే స్లిప్ క్లచ్ పలకలు తుప్పుతో అతుక్కుపోతే అది జారాల్సినప్పుడు జారదు. స్ప్రింగుల పొడవు కొలిచి పెట్టుకుని, వదులు చేసి, క్లచ్‌ను ఒకసారి జారనిచ్చి, తిరిగి అదే పొడవుకు బిగించండి.

నడిపే తీరు వల్ల కూడా బోల్టు తెగుతుంది. ఇంజను తక్కువ వేగంలో ఉన్నప్పుడు పీటీఓ వేసి, మెల్లగా నిమిషానికి 540 చుట్లకు పెంచండి. హార్వెస్టర్ వదిలిన గడ్డి వరుస కొన్నిచోట్ల ఒత్తుగా ఉంటుంది, అక్కడ ట్రాక్టరు గేరు తగ్గించాలి. మంచు ఆరకముందే ఉదయాన్నే మొదలుపెడితే తడి గడ్డి ముద్దలుగా లోపలికి వెళ్తుంది, పైగా ఆ కట్టలు వేడెక్కి బూజు పడితే పశువులకు పనికిరావు. గడ్డి తేమ 15 శాతం దగ్గరికి దిగాక కట్టడం మంచిది. గుప్పెడు గడ్డిని మెలిపెడితే కణుపుల దగ్గర కూడా చెమ్మ తగలకూడదు.

మిగిలినవి మామూలు పనులే: గ్రీజు నిపుల్స్ అన్నింటికీ గ్రీజు, చైన్లకు నూనె, గేర్‌బాక్సులో నూనె మట్టం, గడ్డిని నేల మీంచి ఎత్తే పికప్ పళ్లలో విరిగిన వాటి మార్పిడి. పళ్లు నేలను గీరకుండా ఎత్తు పెట్టండి, మట్టిపెళ్లలు లోపలికి వెళ్తే కత్తి అంచు పోతుంది. బేరింగుల చుట్టూ చేరే గడ్డి పొట్టుకు ఏప్రిల్ ఎండల్లో సులువుగా నిప్పంటుకుంటుంది కనుక ప్రతి పొలం తర్వాత ఊడ్చేసి, ట్రాక్టరు మీద అగ్నిమాపక సిలిండరు ఉంచుకోండి. కొత్త సుతిలి ఉండలతో పాటు షియర్ బోల్టులు, పికప్ పళ్లు, సుతిలి కత్తి అదనంగా వెంట తీసుకెళ్లండి. మొదటి పది కట్టలను మీ సొంత పొలంలోనే కట్టి, రెండు వైపుల ముళ్లు, కట్ట బిగువు చూసుకున్నాక కిరాయికి ఒప్పుకోండి.