టెక్ సందేహాలు: పాత కారుకు కొత్త స్టీరియో

ప్రశ్న: నాది 2006 నాటి చిన్న కారు. క్యాసెట్ ప్లేయర్ తీయించి కొత్త స్టీరియో, నాలుగు కొత్త స్పీకర్లు పెట్టించాను. పాట వినిపిస్తోంది గానీ బేస్ అసలు లేదు. పైగా రెండు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్ అయిపోతోంది. స్పీకర్లు డూప్లికేట్ ఇచ్చారంటారా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్పీకర్లు మార్చకండి. ఊరి పేరు, కారు మోడల్ మారుతున్నాయి గానీ ఇదే ఫిర్యాదు నాకు వస్తూనే ఉంది. డబ్బు మళ్లీ స్పీకర్లకే పోస్తున్నారు. తప్పేమో డ్యాష్‌బోర్డు వెనకాల తీగల్లో ఉంటోంది.

మీ కారులో రెండు వేర్వేరు తప్పులు జరిగినట్టున్నాయి. బేస్ పోయిందంటే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగేసి ఇచ్చారు. కుడివైపు స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే పొర) ముందుకొచ్చినప్పుడు ఎడమవైపుది వెనక్కి పోతుంది. ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేస్తుంది. సన్నటి శబ్దాల్లో తేడా అంతగా తెలియదు, డప్పు దెబ్బ మాత్రం మాయమైపోతుంది. స్టీరియోలో బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు పెట్టి వినండి. ఒక పక్కే మోగుతున్నప్పుడు బేస్ పెరిగితే సంగతి అదే. ఆ తర్వాత స్టీరియో నుంచి స్పీకర్ తీగలు పూర్తిగా విడదీసి, టీవీ రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్‌ను ఆ రెండు తీగలకూ క్షణంపాటు తాకించండి. ‘టక్’మని కోన్ బయటికొస్తే సెల్ ప్లస్ వైపున్న తీగే ప్లస్. లోపలికి పోతే అది మైనస్. నాలుగు స్పీకర్లకూ ఇలా చూసి తీగలకు గుర్తులు కట్టండి.

ఇక బ్యాటరీ. స్టీరియో వెనక పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, మీరు పెట్టుకున్న స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. ఎరుపు తీగకు తాళం తిప్పితేనే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. మీకు ఫిట్ చేసినవాళ్లు ఎరుపు, పసుపు కలిపి మెలిపెట్టి నేరుగా బ్యాటరీ లైనుకు ఇచ్చి ఉంటారు. తాళం లేకుండా కూడా పాటలు వినొచ్చని కొందరు అడిగి మరీ ఇలా చేయించుకుంటారు. బటన్ నొక్కి ఆపినా అప్పుడు స్టీరియో పూర్తిగా నిద్రపోదు. అర ఆంపియర్ లాగుతోందనుకున్నా రెండు రోజులకు 24 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం కలిపితే సుమారు 35. ఇక సెల్ఫ్ ఎలా కొడుతుంది?

స్పీకర్ తీగల్లో తెలుపు ముందు ఎడమకు, బూడిదరంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనక ఎడమకు, ఊదా వెనక కుడికి. నల్ల గీత ఉన్నది మైనస్. అయితే ఇవి స్టీరియో వైపు రంగులు మాత్రమే. కారు వైపు తీగలకు ఏ కంపెనీ రంగులు ఆ కంపెనీవే. అక్కడ ఎరుపు కనిపించింది కదా అని ఇక్కడి ఎరుపుకు కలపకూడదు. మల్టీమీటర్ పెట్టి ఏ తీగ ఏమిటో తేల్చాకే కలపాలి. 1980లు, 90ల కార్లలో ఇంకో చిక్కుంది. వాటిలో కొన్నిటిలో స్పీకర్ల మైనస్‌ను కారు బాడీకే ఎర్త్ చేసేవారు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకర్‌కు వెళ్లే రెండు తీగలూ ఆంప్లిఫయర్ నుంచే వస్తాయి. ఏ ఒక్కటి బాడీకి తగిలినా లోపలి ఐసీ (చిప్పు) కాలిపోవచ్చు. అలాంటి కారుకు పాత తీగలు వదిలేసి, ఒక్కో స్పీకర్‌కు రెండేసి కొత్త రాగి తీగలు లాగించడమే మార్గం. 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరువి చాలు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది కారుతో వచ్చిన కప్లర్‌ను (తీగలన్నిటినీ ఒకేసారి కలిపే ప్లగ్గును) కట్ చేసి పారేయడం. దానికి సరిపోయే కన్వర్టర్ కప్లర్ కొద్ది డబ్బుకే దొరుకుతుంది, నొక్కితే దిగిపోతుంది. నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో స్టీరియో లాగి చూస్తే కప్లర్ ఉండాల్సిన చోట పదిహేను తీగల ముద్ద ఉంది. ఎండలకు ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి, వేలితో తాకగానే టేపు తొడుగులా జారి చేతిలోకొచ్చింది. కింద పసుపు తీగ రాగి నగ్నంగా ఉంది, దానికి అర అంగుళం దూరంలో డ్యాష్‌బోర్డు ఇనుప పట్టీ. ఫ్యూజ్ చూస్తే, 10 ఆంపియర్ల ఫ్యూజ్ కాలిపోయినచోట సన్నటి రాగి పోగులు చుట్టారు. ఆ పసుపు తీగ, ఇనుప పట్టీ తగిలి ఉంటే కరెంటు ఆపే దిక్కు లేదు, మంటే. ఆ కారులో వెనక సీట్లో మా పిల్లలు కూర్చునేవారు. అందుకే చెబుతున్నాను, ప్రతి జాయింట్‌నూ సోల్డర్ చేయించి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) వేయమనండి. మీరు పక్కనే నిలబడండి.

ప్రశ్న: తలుపు తీసినప్పుడల్లా ఆ వైపు స్పీకర్ ఆగిపోతోంది. డబ్బా మీద 4x50 వాట్లని ఉంది, అంత సౌండూ లేదు.
– కరీంనగర్ నుంచి

జవాబు: తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీసీ వేసీ దాని లోపల తీగ విరిగింది, ఆ ముక్క మార్పించండి. డోర్ ట్రిమ్ (తలుపు లోపలి అట్ట) విప్పినప్పుడు వెనకున్న ప్లాస్టిక్ షీటు చింపనివ్వకండి, చిరిగితే వానాకాలం నీళ్లు స్పీకర్ మీదకే వస్తాయి. ఇక వాట్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు, స్పీకర్ 4 ఓములు. ఈ లెక్కన శబ్దం చెడకుండా ఒక్కో స్పీకర్‌కు 26 వాట్లు దాటడం కుదరదు. నిజంగా వచ్చేది 15–20. కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్ల) అంకె చూడండి.

ప్రశ్న: కారులో ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టించాను. నా జీమెయిల్‌తో లాగిన్ అయ్యాను, కాంటాక్టులు కూడా వచ్చాయి. ఏమైనా ప్రమాదమా?
– హైదరాబాద్ నుంచి

జవాబు: ప్రమాదమే. తీగల తప్పు వాసన వేస్తుంది, ఫ్యూజ్ పోతుంది, ఏదో రకంగా తెలుస్తుంది. ఈ తప్పు జరిగినా మీకు తెలియదు.

ఈ తెరల్లో చాలావాటికి కొన్న రోజు నుంచీ ఒక్క సెక్యూరిటీ అప్‌డేట్ రాదు. సెట్టింగుల్లో కనిపించే ఆండ్రాయిడ్ నంబరును కూడా నమ్మలేం. పాత వెర్షన్ మీద కొత్త నంబరు రాసి అమ్మడం ఈ సరుకులో మామూలైపోయింది. తెలియని చోట నుంచి యాప్‌లు దించుకునే అనుమతి ముందే ఆన్ చేసి ఉంటుంది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ అనే దొంగ సాఫ్ట్‌వేర్ వల గురించి హెచ్చరించింది. కొనేలోపే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కి ఉన్నవి, సెటప్‌లో యాప్‌లతో పాటు దాన్ని దించుకునేవి అంటూ చెప్పిన పరికరాల్లో టీవీ బాక్సులు, ప్రొజెక్టర్లతో పాటు కార్లకు విడిగా బిగించే ఇలాంటి తెరలూ ఉన్నాయి.

అలాంటి తెరలో మీ అసలు జీమెయిల్ పెట్టారు. మీ బ్యాంకు, ఫొటోలు, ఇతర పాస్‌వర్డ్‌లు తిరిగి తెచ్చుకునే దారి అంతా ఆ మెయిలే. బ్లూటూత్ జత చేసేటప్పుడు మెసేజ్‌లకూ ఓకే కొట్టి ఉంటే ఓటీపీలు కూడా తెర మీదకొస్తాయి. ఆ మధ్య ఒక పాత కారు చూడ్డానికి వెళ్లాను. తెర వెలగగానే ‘అమ్మ’, ‘డాక్టర్ గారు’, ‘స్కూల్ వ్యాన్’ అంటూ అమ్మేసినాయన నంబర్లు వరసగా వచ్చాయి. మ్యాప్‌లో ‘ఇల్లు’ అన్నది నొక్కితే వాళ్ల వీధి దాకా దారి చూపించింది. ఆ కారును ఆ రోజు ఎంతమంది చూసి వెళ్లారో! తయారీదారులు మొదటి తెర మీదే ‘కాంటాక్టులు వద్దు’ అనే బటన్ పెద్దగా పెట్టలేరా? రీసెట్‌ను నాలుగు మెనూల కింద ఎందుకు దాస్తారు? పాట వినడానికి కొన్న వస్తువుకు నా బంధువుల నంబర్లతో పనేమిటి?

ఫోన్‌లోని యాప్‌లనే తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రకం ఇంతకన్నా నయం. అప్‌డేట్లు ఫోన్‌కు వస్తాయి, ఖాతా ఫోన్‌లోనే ఉంటుంది. పాటలే చాలనుకుంటే యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న మామూలు స్టీరియో తీసుకోండి.

మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారు కాబట్టి ఈ రాత్రే ఫోన్‌లో గూగుల్ ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి, పరికరాల జాబితాలో ఆ తెరను వెతికి సైన్ అవుట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత కారులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి దాన్ని తీసేసి మళ్లీ జత చేయండి. అప్పుడు కాంటాక్టులు, కాల్ హిస్టరీ, మెసేజ్‌లు అడిగితే మూడింటికీ టిక్ తీసేయండి. పాటలు అవి లేకుండానే వస్తాయి.